మున్సిపాలిటీకి డబ్బు ఎక్కణ్నుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది: ఆదాయ వ్యయాల మ్యాప్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మున్సిపాలిటీ లెక్కల్ని మ్యాప్ మీద పెట్టడం గురించి ఎక్కడ మాట్లాడినా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. అడిగేవాళ్లలో కౌన్సిలర్లు, ప్లానింగ్ చదివే పిల్లలు, కాలనీ సంఘాలవాళ్లు, అప్పుడప్పుడూ ఒక రెవెన్యూ ఇన్‌స్పెక్టరు కూడా ఉంటారు. అందుకే అన్నీ ఒకచోట రాసేశాను. ఏ ప్రశ్నకి ఆ జవాబు విడిగా చదువుకునేలా ఉంటుంది, కాబట్టి కొన్ని మాటలు రెండుసార్లు కనిపిస్తే విసుక్కోకండి.

## మొదలుపెట్టక ముందు

బడ్జెట్ పుస్తకం ఉంది కదా, మళ్లీ మ్యాప్ ఎందుకు?

బడ్జెట్ పుస్తకంలో ఆస్తి పన్ను మొత్తం ఇంత, రోడ్ల మరమ్మతు మొత్తం ఇంత అని పద్దుల వారీగా ఉంటుంది. ఏ వీధి నుంచి ఎంత వచ్చింది, ఏ వీధి మీద ఎంత ఖర్చయింది అని అడిగితే ఆ పుస్తకం చెప్పలేదు. ఊరు ఎటు పెరగాలి, కొత్త ట్యాంకు ఎక్కడ కట్టాలి, శివారు గ్రామాన్ని కలుపుకోవాలా వద్దా లాంటి నిర్ణయాలన్నీ స్థలానికి సంబంధించినవి. లెక్కలేమో స్థలంతో సంబంధం లేకుండా ఉంటాయి. ఈ రెంటినీ ఒకే కాగితం మీదకి తేవడమే మ్యాప్ చేసే పని.

ఈ పద్ధతి ఎక్కడ పుట్టింది?

అమెరికాలో నార్త్ కరొలైనా రాష్ట్రంలో యాష్‌విల్ అనే ఊరుంది. అక్కడి ఆర్కిటెక్ట్ జో మినికోజీ చేసిన ఒక పోలికతో ఈ పద్ధతికి బాగా పేరొచ్చింది. ఊరి బయట 34 ఎకరాల్లో ఉన్న వాల్‌మార్ట్ నుంచి ఎకరానికి సుమారు 6,500 డాలర్ల ఆస్తి పన్ను వస్తోంది. ఊరి నడిబొడ్డున, ఎకరంలో ఐదో వంతు జాగాలో, కింద దుకాణాలూ పైన ఇళ్లూ ఉన్న ఒక పాత భవనం నుంచి అదే లెక్కన ఎకరానికి సుమారు 6,34,000 డాలర్లు. ఆ తర్వాత ఆయన సంస్థ అర్బన్‌త్రీ చాలా ఊళ్లకి ఇలాంటి మ్యాపులు గీసింది. లూసియానాలోని లఫాయెట్‌లో రాబడితో పాటు ఖర్చు కూడా కలిపి, ఏ ప్రాంతం మిగులులో ఉంది, ఏది లోటులో ఉంది అనేది చూపించారు. నన్నడిగితే అసలు పని మొదలైంది లఫాయెట్‌తోనే, ఎందుకంటే రాబడి ఒక్కటే చూస్తే సగం కథే తెలుస్తుంది.

అమెరికా లెక్క మన ఊళ్లకి పనికొస్తుందా?

పద్ధతి పనికొస్తుంది, అంకెలు రావు. అక్కడ స్థానిక సంస్థలకి ఆస్తి పన్నే పెద్ద ఆధారం, చాలా చోట్ల అమ్మకపు పన్నులో వాటా కూడా ఉంటుంది. మన దేశంలో మున్సిపాలిటీలన్నిటి ఆదాయం కలిపినా జీడీపీలో 1 శాతం దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయిందని రిజర్వ్ బ్యాంకు 2022 నివేదికలోనే ఉంది. పైగా మన దగ్గర చాలా ఖర్చు మున్సిపాలిటీ పుస్తకంలోకే రాదు. రెగ్యులర్ ఉద్యోగుల జీతాలు చాలావరకు 010 పద్దు కింద ట్రెజరీ నుంచి వస్తాయి, పెద్ద పైపులైన్లు కేంద్ర పథకాల్లో వస్తాయి. అందుకే మన మ్యాప్‌లో ‘మున్సిపాలిటీ సొంత డబ్బు’ ఒక పొర, ‘ఎవరు ఖర్చుపెట్టినా సరే, ప్రజల డబ్బు’ ఇంకో పొర, ఇలా రెండూ విడిగా ఉంచుకుంటే మంచిది.

ఎవరెంత కడుతున్నారో చూస్తే చాలదా, ఎకరానికి ఎంతో ఎందుకు చూడాలి?

పెద్ద లేఅవుట్ నుంచి పెద్ద మొత్తమే వస్తుంది, కానీ అది ఆక్రమించిన జాగా, దానికి కావాల్సిన రోడ్డు, పైపు కూడా పెద్దవే కదా. ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఊహించుకున్నవే, కొలతలు మాత్రం మన ఊళ్లలో మామూలుగా కనిపించేవి.

శివార్లలో 10 ఎకరాల లేఅవుట్ ఉందనుకోండి. రోడ్లకి 3 ఎకరాలు, ఖాళీ స్థలానికి ఎకరం పోతే మిగిలిన 6 ఎకరాల్లో సుమారు 240 గజాల ప్లాట్లు 120 వస్తాయి. 45 ఇళ్లు కట్టారు, ఇంటికి 4,000 పన్ను. మిగతా 75 ప్లాట్లకి ఖాళీ స్థలం పన్ను 600 చొప్పున. మొత్తం 2,25,000, అంటే ఎకరానికి 22,500. ఇప్పుడు పాత బజారులో ఒక ఎకరం తీసుకోండి. కింద షాపు, పైన ఇల్లు, అలాంటివి 60 అసెస్‌మెంట్లు (విడివిడిగా పన్ను వేసిన ఆస్తులు), సగటున 7,000. ఎకరానికి 4,20,000!

రోడ్డు సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. ఆ 3 ఎకరాల జాగాని 30 అడుగుల వెడల్పు రోడ్డుగా పరిస్తే దాదాపు 1,300 మీటర్లు వస్తుంది, అంటే కట్టిన ఒక్కో ఇంటికి 29 మీటర్లు. బజారులో 100 మీటర్ల వీధి 60 మందికి సరిపోతోంది, తలా రెండు మీటర్లు కూడా లేదు. మీటరు సీసీ రోడ్డు మళ్లీ వేయడానికి 5,000 అవుతుందనీ, అది 20 ఏళ్లు నిలుస్తుందనీ అనుకుంటే లేఅవుట్ రోడ్డుకి ఏడాదికి 3,25,000 పక్కన పెట్టాలి. వచ్చే పన్ను మొత్తం 2,25,000 అని పైనే చూశాం. కాలువలు, దీపాలు, నీళ్లు, చెత్త ఇంకా లెక్కలోకే రాలేదు. అక్కడ ఇళ్లు కొత్తవి, రోడ్లు వెడల్పు, చూడ్డానికి కళగా ఉంటుంది, అందుకే ఆ లోటు ఎవరి కంటా పడదు.

## రాబడి లెక్కలు సేకరించేటప్పుడు

ఆఫీసులో డేటా ఇవ్వరు కదా, ఎలా?

అంతా అడిగి తెచ్చుకోవాల్సిన పని లేదు. అసెస్‌మెంట్ నంబరు కొడితే పన్ను ఎంతో, బకాయి ఎంతో రెండు రాష్ట్రాల పురపాలక వెబ్‌సైట్లలోనూ కనిపిస్తుంది. మొత్తం జాబితా కావాలంటే మాత్రం ఆఫీసే దిక్కు. అక్కడ ‘డేటా ఇవ్వండి’ అంటే ఎవరికీ అర్థం కాదు. ‘ఏరియా వారీగా డీసీబీ కావాలి’ అని అడగండి. డిమాండ్ (కట్టాల్సిన పన్ను), కలెక్షన్ (వసూలైనది), బ్యాలెన్స్ (బకాయి) ఉన్న రిజిస్టరు అది, ప్రతి మున్సిపాలిటీలోనూ ఉంటుంది, బిల్ కలెక్టర్లకి కంఠతా వచ్చు. యజమానుల పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి ఇమ్మని మీరే ముందు చెబితే సగం అభ్యంతరాలు అక్కడే పోతాయి. అప్పటికీ ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉండనే ఉంది, జవాబుకి 30 రోజుల గడువు.

ఏయే ఆదాయాలు మ్యాప్ మీదకి ఎక్కించాలి?

ఫలానా జాగా నుంచి వచ్చిందని చూపించగలిగేవన్నీ. ఆస్తి పన్ను, ఖాళీ స్థలం పన్ను, కుళాయి పన్ను (తెలంగాణలో నల్లా బిల్లు), ట్రేడ్ లైసెన్సు, మున్సిపల్ షాపుల అద్దెలు, మార్కెట్ ఆశీళ్లు. ఫైనాన్స్ కమిషన్ గ్రాంట్లని ఏ వీధికీ కట్టబెట్టకండి, అవి ఊరంతటివి. ఆస్తి పన్నుతో పాటు వసూలయ్యే 8 శాతం గ్రంథాలయ సెస్సుని తీసేయండి, అది గ్రంథాలయ సంస్థకి వెళ్లాల్సిన డబ్బు. (వెళ్తోందా లేదా అనేది వేరే కథ.) ఆంధ్రప్రదేశ్‌లో 2021లో మొదలైన చెత్త పన్ను 2024లో రద్దయింది కాబట్టి మధ్య సంవత్సరాల లెక్కలు తీసుకుంటే ఆ వరసని విడిగా ఉంచండి, లేకపోతే తర్వాతి ఏడాదికి ఊరు ఊరంతా ఉన్నట్టుండి నష్టాల్లోకి జారినట్టు కనిపిస్తుంది.

ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) డబ్బు, బిల్డింగ్ పర్మిషన్ ఫీజులు కలపొచ్చా?

ఒకే రంగులో కలపొద్దు. చాలా మ్యాపులు తప్పుదారి పట్టేది ఇక్కడే. లేఅవుట్ క్రమబద్ధీకరణ, అభివృద్ధి చార్జీలు, ప్లాన్ అనుమతి ఫీజు, ఇవన్నీ ఒక్కసారి వచ్చి పోయేవి. రోడ్డు మరమ్మతు మాత్రం ఆ రోడ్డు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. రిజిస్ట్రేషన్ మీద వచ్చే 1.5 శాతం బదిలీ సుంకం కూడా అంతే, ప్లాట్లు చేతులు మారినప్పుడు ఉంటుంది, రియల్ ఎస్టేట్ పడుకుంటే ఉండదు. ఎల్‌ఆర్‌ఎస్ జోరుగా సాగిన ఏడాది లెక్కలతో గీస్తే శివార్లన్నీ పచ్చగా మెరిసిపోతాయి, ఆ మ్యాప్ పట్టుకుని ‘చూశారా, ఊరు బయటికి పెరిగితేనే లాభం’ అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఒక్కసారి వచ్చేవాటికి వేరే పొర పెట్టండి, కనీసం ఐదేళ్ల సగటు తీయండి.

మాల్‌లో కోట్ల వ్యాపారం జరుగుతోంది, ఆ జీఎస్టీ లెక్కలోకి రాదా?

రాదు. జీఎస్టీ కేంద్రానికీ రాష్ట్రానికీ పోతుంది, అందులో ఫలానా మాల్ కట్టింది కాబట్టి ఇంత అని మున్సిపాలిటీకి నేరుగా వచ్చేది లేదు. సినిమా హాళ్ల మీద వచ్చే వినోదపు పన్ను కూడా 2017లో జీఎస్టీలో కలిసిపోయింది. మాల్ ముందు ట్రాఫిక్, చెత్త, మురుగు మాత్రం మున్సిపాలిటీవే. మాల్ వద్దని నేననడం లేదు. మున్సిపాలిటీ ఖాతాలో దాని వాటా అది కట్టే ఆస్తి పన్ను, ట్రేడ్ లైసెన్సు, నీటి చార్జీలు, అంతే.

డిమాండ్ అంకె తీసుకోవాలా, వసూలైనదా?

రెండూ. డిమాండ్ ఆ జాగా సత్తా చెబుతుంది, వసూలు ఆఫీసు సత్తా చెబుతుంది. ప్లానింగ్ నిర్ణయాలకి డిమాండ్ వాడండి. రెంటి మధ్య తేడాని ఇంకో మ్యాప్‌గా గీస్తే బకాయిలు ఎక్కడ పేరుకుపోయాయో ఇట్టే తెలుస్తుంది. దాన్ని కమిషనర్లు మీ అసలు మ్యాప్ కంటే ఎక్కువ ఇష్టపడతారు.

ఆంధ్రా ఊరునీ తెలంగాణ ఊరునీ పోల్చొచ్చా?

పన్ను రూపాయల్లో పోల్చకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి మూలధన విలువ పద్ధతి వచ్చింది. నివాసాలకి విలువలో 0.10 నుంచి 0.50 శాతం, నివాసేతరాలకి 0.20 నుంచి 2 శాతం మధ్య రేటు పెట్టుకోవచ్చు, అయితే పాత పన్ను మీద ఏడాదికి 15 శాతం మించకుండా అని పరిమితి పెట్టారు. హైదరాబాద్‌లో ఇంకా అద్దె విలువే ఆధారం, ఇళ్లకి 17 నుంచి 30 శాతం దాకా శ్లాబులు. ఆ 15 శాతం పరిమితి వల్ల ఒక చిక్కుంది. విలువ బాగా పెరిగిన వీధుల్లో పన్ను ఇంకా వెనకబడే ఉంటుంది, కాబట్టి మ్యాప్‌లో అవి ఉన్నదానికంటే పేదగా కనిపిస్తాయి. ఒకే ఊళ్లో వీధికీ వీధికీ పోల్చుకోవడం మేలు.

గుడి, సర్కారు కాలేజీ, రైల్వే స్థలం... వీటిని నష్టం కింద చూపించాలా?

వద్దు, బూడిద రంగు వేసేయండి. కేంద్ర ప్రభుత్వ ఆస్తులకి రాజ్యాంగం 285వ అధికరణ కింద ఆస్తి పన్ను లేదు, ప్రార్థనా స్థలాలకి మినహాయింపు ఉంది. వాటి విస్తీర్ణాన్ని మాత్రం వార్డువారీగా రాసిపెట్టుకోండి. రైల్వే కాలనీ ఉన్న వార్డుకి ఎకరం సగటు తక్కువ వస్తే అది ఆ వార్డు ప్రజల తప్పు కాదుగా.

## ఖర్చుని పంచేటప్పుడు

ఖర్చులు వీధుల వారీగా ఎక్కడా రాయరు కదా, ఎలా పంచాలి?

దేన్ని బట్టి ఖర్చు పెరుగుతుందో దాన్ని బట్టే పంచాలి. రోడ్లకి పొడవు, వెడల్పు, సీసీనా (సిమెంటు) బీటీనా (తారు). కాలువలకి పొడవు. దీపాలకి స్తంభాల సంఖ్య. చెత్తకి ఆటో టిప్పర్లు ఎన్ని ట్రిప్పులు తిరుగుతున్నాయి, డంపింగ్ యార్డు ఎంత దూరం. ఇది శానిటరీ ఇన్‌స్పెక్టరు దగ్గర ఉంటుంది, అంతకంటే బాగా డ్రైవర్లకి తెలుసు. రేట్లు ఇంజినీరింగ్ సెక్షన్‌లో ఎస్‌ఎస్‌ఆర్ (పనులకి సర్కారు ఖరారు చేసిన రేట్ల పట్టిక) చూసి తీసుకోండి. మెయిన్ రోడ్డు ఖర్చుని దాని పక్కన ఇళ్లున్నవాళ్ల నెత్తిన పూర్తిగా వేయొద్దు, దాని మీద ఊరంతా తిరుగుతుంది. సగం అక్కడికి, సగం ఊరంతటికీ అని ఏదో ఒకటి అనుకుని, ఆ అనుకున్నది మ్యాప్ మీదే అచ్చు వేయండి. ఆఫీసు కరెంటు బిల్లు, కమిషనర్ కారు లాంటివాటిని పంచే ప్రయత్నమే చేయొద్దని నా సలహా, దానివల్ల వచ్చే స్పష్టత ఏమీ లేదు.

కేంద్ర నిధులతో వేసిన పైపులైను మనకి ఉచితమే కదా?

వేయడం ఉచితం కావచ్చు. నడపడం, పగిలితే అతకడం, కాలం తీరాక మార్చడం ఎవరి పని? 2015లో వచ్చిన అమృత్, 2021లో వచ్చిన రెండో విడత అమృత్ లాంటి పథకాలతో చాలా ఊళ్లకి ట్యాంకులూ పైపులూ వచ్చాయి, మోటార్ల కరెంటు బిల్లు మాత్రం నెలనెలా స్థానికంగానే కట్టుకోవాలి. లఫాయెట్‌లో బయటపడ్డది ఇలాంటిదే. అక్కడ 1949కీ 2015కీ మధ్య జనాభా మూడున్నర రెట్లు పెరిగితే, తలకి వచ్చే పైపు పొడవు 5 అడుగుల నుంచి 50 అడుగులకి పెరిగింది. ఉన్నవన్నీ మళ్లీ మార్చాలంటే అయ్యే ఖర్చు 3,200 కోట్ల డాలర్లని అంచనా వేస్తే, పన్ను వేయదగ్గ ఆస్తుల మొత్తం విలువే 1,600 కోట్ల డాలర్లని తేలింది. కాబట్టి మన మ్యాప్‌లో కూడా మార్పిడి ఖర్చుని దాని ఆయుష్షుతో భాగించి, ఏటా ఇంత అని రాయాల్సిందే, మొదట ఎవరి డబ్బుతో వేసినా సరే.

హైదరాబాద్‌లో నీళ్లు వేరే బోర్డువి. అప్పుడెలా?

కట్టే జనం ఒక్కరే కాబట్టి రెండు ఖాతాలూ ఒకే మ్యాప్ మీదకి రావాలి, పొరలు మాత్రం వేరు. రోడ్లు, చెత్త జీహెచ్‌ఎంసీ లెక్క, నీళ్లు, మురుగు జలమండలి లెక్క. నగరానికి కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకి పైగా పంపింగ్ చేసుకుంటూ తేవాల్సిందే, అందుకే కరెంటు ఖర్చు ఎక్కువ. ఇళ్లకి నెలకి 20,000 లీటర్ల ఉచిత నీటి పథకం 2020 డిసెంబరు నుంచి లెక్కలోకి వచ్చింది, కాబట్టి నల్లా బిల్లుల వసూలు చూసి ఏ ప్రాంతం ‘నష్టం’ అని తేల్చకండి. నీటికి వాడకం, చివరి రిజర్వాయర్ నుంచి దూరం, ఎత్తు, ఈ మూడూ చూస్తే చాలు.

ఫ్లైఓవర్ల అప్పు, బాండ్ల వడ్డీ ఎవరి ఖాతాలో వేయాలి?

దానివల్ల ఎవరికి మేలో వాళ్ల ఖాతాలో అనడం తేలిక, తేల్చడం కష్టం. జీహెచ్‌ఎంసీ 2018 ఫిబ్రవరిలో 8.90 శాతం వడ్డీకి 200 కోట్ల బాండ్లు అమ్మింది, అదే ఏడాది విశాఖ కార్పొరేషన్ 80 కోట్లు తెచ్చింది. జంక్షన్ కింద ఉన్న షాపుల కంటే దూరం నుంచి కార్లలో వచ్చి ఆ ఫ్లైఓవర్ ఎక్కేవాళ్లకే ఉపయోగం ఎక్కువ, ఒక్కోసారి కింద షాపుకి బేరాలే పడిపోతాయి. అందుకని వడ్డీని జంక్షన్ ఉన్న వార్డు మీద వేయకుండా ఊరి మొత్తం వరసలో ఉంచండి.

## మ్యాప్ గీసేటప్పుడు

ఏ సాఫ్ట్‌వేర్ కావాలి? ఖర్చెంత?

క్యూజీఐఎస్ చాలు, ఉచితం. వీధులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తీసుకోవచ్చు, ఉపగ్రహ చిత్రం కోసం ఇస్రో వాళ్ల భువన్ ఉంది. కష్టం సాఫ్ట్‌వేర్‌తో కాదు, డోర్ నంబర్లతో. 12-4-37/ఎ/2 పక్కన 12-4-91 ఉంటుంది, దాని పక్కన ఇంకో బ్లాకు నంబరు. ఒక్కో అసెస్‌మెంట్‌ని స్థలానికి జత చేయడానికే మీ కాలమంతా పోతుంది, దానికి సిద్ధపడి దిగండి. ఇల్లిల్లూ కుదరకపోతే వీధి స్థాయిలో ఆపేయండి, నిర్ణయాలకి అది సరిపోతుంది.

వార్డు స్థాయిలో గీస్తే సరిపోదా?

సరిపోదు. ఒకే వార్డులో పాత బజారూ సగం ఖాళీగా ఉన్న లేఅవుటూ రెండూ ఉంటాయి, సగటు తీస్తే రెండూ మాయమైపోతాయి. పైగా వార్డు అనగానే అది కౌన్సిలర్ పేరుతో ముడిపడిపోతుంది, ఇక చర్చ వేరే దారిలో నడుస్తుంది.

ఆ 3డీ స్తంభాల మ్యాపే కావాలా?

ఎకరం రాబడిని ఎత్తుగా చూపిస్తే బజారు మేడలా లేస్తుంది, శివారు చాపలా పరుచుకుంటుంది, చూసినవాళ్లు మర్చిపోరు. కానీ వెనకున్నది కనపడదు. మీటింగులో తెర మీద 3డీ చూపించి, చేతికిచ్చే కాగితం మామూలు మ్యాప్‌గా ఇవ్వండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు ప్రతి హాల్లోనూ ఒకరిద్దరు ఉంటారు, నీలం, నారింజ వాడితే గొడవ లేదు.

## మ్యాప్ చేతికొచ్చాక

అంటే బస్తీలు పన్ను కట్టడం లేదు కాబట్టి భారమని తేలుస్తారా?

ఈ భయం న్యాయమైనదే. హైదరాబాద్‌లో ఏడాది పన్ను 1,200 లోపు ఉండే చిన్న ఇళ్లకి 2015లో నామమాత్రంగా 101 రూపాయలు చేశారు, రూపాయల్లో చూస్తే ఆ బస్తీ సున్నా కిందే లెక్క. కానీ ఆ ఇల్లు ఆక్రమించింది 40, 50 గజాలు, ముందున్న సందు ఆరడుగులు, దాని వాటాకి వచ్చే పైపు మూడు మీటర్లు. ఖర్చు వైపు కూడా గీస్తే బొమ్మ మారిపోతుంది. లఫాయెట్‌లో పేదల పాత పేటలు మిగులులో, డబ్బున్నవాళ్ల కాలనీలు లోటులో తేలాయి. మన ఊళ్లలోనూ అలాగే వస్తుందని ముందే రాసివ్వలేను గానీ, రాబడి మ్యాప్ ఒక్కటే బయటపెట్టి ఖర్చు మ్యాప్ దాచేవాళ్లని మాత్రం నమ్మకండి. అయినా నీళ్లూ, పారిశుద్ధ్యం ఎవరికివ్వాలనేది లాభనష్టాలు చూసి తేల్చే సంగతి కాదు.

అయితే అన్నీ అపార్ట్‌మెంట్లే కట్టేస్తే సరిపోతుందా?

యాష్‌విల్‌లో గెలిచింది ఆకాశహర్మ్యం కాదు, కింద షాపూ పైన ఇల్లూ ఉన్న ఒక మామూలు పాత మేడ. హైదరాబాద్‌లో 2006లోనే జీవో 86తో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి (స్థలం విస్తీర్ణాన్ని బట్టి ఎంత కట్టొచ్చనే హద్దు) తీసేశారు, ముప్ఫై అంతస్తులు లేచాయి. ఎకరానికి రాబడి ఎక్కువే, దాంతోపాటే ఆ నీళ్లకి, మురుక్కి, రోడ్డుకి కొత్త పెట్టుబడి కూడా. రోడ్డూ పైపూ ఇప్పటికే ఉన్న చోట ఇంకో అంతస్తు, ఇంకో షాపు రావడం, లేఅవుట్లలో ఖాళీగా పడున్న ప్లాట్లు నిండడం, మున్సిపాలిటీకి చవగ్గా వచ్చే ఆదాయం అదే.

పక్క పంచాయతీలని విలీనం చేస్తే ఆదాయం పెరుగుతుందంటున్నారు, నిజమేనా?

పన్ను మొత్తం పెరుగుతుంది. ఎకరానికి ఎంత పెరుగుతుంది, ఎన్ని కిలోమీటర్ల రోడ్డు, ఎన్ని స్తంభాలు, ఎంత కాలువ మీ పద్దులోకి వస్తాయి అనేది విలీనానికి ముందే మ్యాప్ మీద పెట్టి చూడండి. ప్రైవేటు లేఅవుట్ రోడ్లని గిఫ్ట్ డీడ్ మీద తీసుకునేటప్పుడు కూడా ఇదే పని. సంతకం పడ్డ రోజు నుంచి ఆ రోడ్డు గుంతలు మీవి, వెంచర్ వేసినాయన బ్రోచర్‌తో సహా వెళ్లిపోయి ఉంటాడు.

కౌన్సిల్‌లో చూపిస్తే గొడవవుతుందేమోనని టెన్షన్. ఎలా చూపించాలి?

ఊరి మొత్తం మ్యాప్‌తో మొదలుపెడితే ప్రతి ఒక్కరూ ముందు తన వార్డు రంగు వెతుక్కుంటారు, ఆ తర్వాత మీరు చెప్పేది వినరు. రెండు జాగాలు తీసుకోండి, అందరూ రోజూ చూసేవి, ఉదాహరణకి కూరగాయల మార్కెట్ వీధి, బైపాస్ పక్కన ఫంక్షన్ హాలు. వాటి ఎకరం లెక్క, రోడ్డు లెక్క చూపించండి. ఏ ఇంటివాళ్లెంత కడుతున్నారన్నది మాత్రం తెర మీదకి రానివ్వకండి, కనీసం పది పదిహేను అసెస్‌మెంట్లని కలిపి ఒక ముక్కగా చూపించాలి. అసెస్‌మెంట్ తక్కువ వేయించుకున్నవాళ్లు ఆ హాల్లోనే ఉంటారని కూడా గుర్తుంచుకోండి.

ఎన్నాళ్లకోసారి మళ్లీ గీయాలి?

రాబడి పొరని ఏడాదికోసారి, మార్చి 31 ముగింపు లెక్కలతో. ఏప్రిల్‌లో ముందస్తు చెల్లింపుకి 5 శాతం రాయితీ ఉంటుంది కాబట్టి జనం ఆ నెలలో ఎగబడి కట్టేస్తారు, నెల మధ్యలో తీసిన అంకెలు వాడకండి. ఖర్చు పొర రెండు మూడేళ్లకోసారి చాలు, కొత్త ఎస్‌ఎస్‌ఆర్ రేట్లు చూసుకుని. పాత మ్యాపుల్ని తీసేయకుండా తేదీ వేసి దాచండి, కమిషనర్లు మారతారు, కంప్యూటర్ ఆపరేటర్ మారతాడు, ఫైలు మాత్రం ఒక పెన్‌డ్రైవ్‌లోనే ఉండిపోతే ఎవరికీ దొరకదు, మూడు చోట్ల ఉంచండి.